ఒంటరిగా వెళ్తున్నానని బండిలో చెప్పాలా, దాచాలా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
ముందే చెప్తున్నా, వెళ్లాలా వద్దా అని అడగడం లేదు, టికెట్ బుక్ చేయడం అయిపోయింది. హైదరాబాద్‌లో సర్టిఫికెట్ల వెరిఫికేషన్ ఉంది, ఒక్కదాన్నే వెళ్తున్నాను. పలాసలో రాత్రి బండి ఎక్కితే పొద్దున్నకి సికింద్రాబాద్. తిరుగు బండి మాత్రం నన్ను పలాసలో తెల్లవారుజామున మూడున్నర, నాలుగు మధ్య దించేస్తుంది. ఇంట్లో పంచాయితీ ఏమిటంటే, అమ్మ బజారుకెళ్లి గిల్టు నల్లపూసలు కొనుక్కొచ్చింది. మెడలో వేసుకో, పెళ్లయిందనుకుంటారు, ఎవరైనా అడిగితే మా ఆయన పక్క బోగీలో ఉన్నాడని చెప్పు అంటోంది. నా ఫ్రెండ్ బరంపురంలో చదివినన్నాళ్లూ ఒంటరిగానే తిరిగింది, అది పూర్తిగా ఉల్టా చెప్తోంది. ఎక్కగానే ఎదురు సీటువాళ్లతో మాట కలుపు, ఒక్కదాన్నే వస్తున్నానని చెప్పు, నలుగురికి నీ మొహం గుర్తుంటేనే నీకు మంచిది అని. ఇద్దరి మాటా సబబుగానే ఉంది, అదే టెన్షన్. మీరైతే ఏం చేస్తారు?
(ఇక్కడ తేదీ, కోచ్, బెర్త్ కూడా రాశాను. కింద వదిన తిట్టాక తీసేశాను.)

జయపూర్ వదిన:
దాచాలి. ఇందులో చర్చేముంది.
నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో విశాఖ నుంచి వస్తుంటే ఎదురుగా ఒక పెద్దాయన, మాటకి ముందు అమ్మా, మాటకి వెనక అమ్మా. కూతురు వయసుదానివి, ఎక్కడ ఉంటావు, భోజనం సరిగా పెడుతున్నారా అని అడిగితే నేను గంగిరెద్దులా తలూపుకుంటూ హాస్టల్ ఉన్న వీధి పేరుతో సహా చెప్పేశాను. మర్నాడు సాయంత్రం హాస్టల్ గేటు ఎదురుగా కిళ్లీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. ఇటువైపు పనుండి వచ్చానమ్మా అన్నాడు. ఏమీ చేయలేదు, నిజం చెప్పాలి, ఒక్క మాట కూడా తప్పుగా అనలేదు. కానీ నేను మూడు రోజులు బయటికి రాలేదు. అందుకని నల్లపూసలు వేసుకో, ఆయన పక్క బోగీలో ఉన్నాడని చెప్పు, పోయేదేం లేదు.
ఇంకోటి అమ్మడూ. పక్క సీటువాళ్లకి చెప్పాలా వద్దా అని అడుగుతున్నావు, ఇక్కడ తేదీ, బండి, కోచ్, బెర్త్ నంబరు అన్నీ రాసేశావు. ముందు అది తీసేయ్.

మహేంద్రతనయ:
అయ్యో. తీసేశాను వదినా. సిగ్గుగా ఉంది.

పాత టీటీ (రాయగడ):
రిటైరై నాలుగేళ్లయింది, అంతకుముందు ముప్పై ఏళ్లు నల్లకోటులోనే. నా ఉద్దేశంలో మీరిద్దరూ చెప్పడం అంటే పక్కవాళ్లకి చెప్పడమే అనుకుంటున్నారు. చెప్పాల్సింది టీటీకి. టికెట్ చూడ్డానికి వచ్చినప్పుడు, సార్ నేను ఒక్కదాన్నే, రాత్రి ఏదైనా అయితే మీరు ఏ బోగీలో ఉంటారు అని అడగాలి. అడిగిన అమ్మాయి బెర్త్ మాకు గుర్తుంటుంది, అది మనిషి నైజం. బండి మొదలయ్యే స్టేషన్లలో ఆర్‌పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) ఆడ కానిస్టేబుళ్లు ఒంటరిగా వెళ్లే ఆడవాళ్ల దగ్గరికొచ్చి బెర్త్ నంబరు రాసుకునే పద్ధతి ఒకటి ఉంది, మేరీ సహేలీ అంటారు, 2020లో మొదలైంది. మీరు దారిలో ఎక్కుతున్నారు కాబట్టి వాళ్లు రాలేదని కూర్చోకండి, మీరే చెప్పండి.
రైలుకి సంబంధించి ఏదైనా అయితే 139కి ఫోన్ చేయండి. పాత 182 నంబరు అందులోనే కలిసిపోయింది. తమాషా ఏమిటంటే 1989 రైల్వే చట్టంలో సెక్షన్ 139 కూడా ఆడవాళ్లకి పనికొచ్చేదే. మగతోడు లేని ఆడమనిషిని, టికెట్ లేకపోయినా సరే, రాత్రిపూట ఏదో ఒక చిన్న స్టేషన్‌లో దించేయడానికి వీల్లేదు. ఆమె ఎక్కిన చోటో, జంక్షనో, ఆఖరి స్టేషనో, జిల్లా కేంద్రమో అయ్యుండాలి, అదీ పగలే. దిగిపో అని బెదిరించేవాళ్లకి ఈ ముక్క చెప్తే చాలామంది సర్దుకుంటారు, మా వాళ్లతో సహా.
ఈసారి బుక్ చేసేటప్పుడు లేడీస్ కోటా చూసుకోండి. దూరం వెళ్లే మెయిల్, ఎక్స్‌ప్రెస్‌లలో స్లీపర్‌లో ఆరు బెర్తులు ఉంటాయి, వయసుతో పని లేదు.

గుణుపురం గుంట:
టీటీ గారూ మీరు మంచివాళ్లు కాబట్టి అందరూ మీలాగే ఉంటారనుకుంటున్నారు. రెండు గంటల రాత్రి టీటీ ఎక్కడున్నాడో ఎవరికి తెలుసు. ఇక ఫోను అంటారా, కోరాపుట్ లైన్లో సొరంగాలు మొదలయ్యాక సిగ్నల్ ఉంటే చెప్పండి. అమ్మకి వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పెట్టి హాయిగా పడుకున్నాను ఒకసారి. అది ఎనిమిది గంటలకి మించి ఉండదని నాకు తెలీదు, పైగా మధ్యలో కొండల్లో సిగ్నల్ పోయింది. మా అమ్మకి మ్యాప్‌లో నేను అడవి మధ్యలో కొండ మీద కదలకుండా నిలబడిపోయి కనిపించాను. ఆవిడ నాన్నని లేపి, నాన్న మా పెదనాన్నని లేపి, ఆయన తన తోడల్లుడు పోలీసు కాబట్టి ఆయన్ని లేపి... నేను మాత్రం దుప్పటి కప్పుకుని నిద్ర. ఇప్పుడు రూలు ఏంటంటే లొకేషన్ ఆగితే కంగారు పడకు, ఫలానా స్టేషన్ దాటాక మెసేజ్ పెడతాను, అది రాకపోతే అప్పుడు కంగారు పడు.
అసలు విషయం. నేను మీ ఫ్రెండ్ పార్టీయే. పనికొచ్చేది పక్కన ఉన్న మనుషులే. విజయనగరం దాటాక సైడ్ బెర్త్‌లో ఇద్దరు కుర్రాళ్లు, నేను అమ్మతో తెలుగులో మాట్లాడ్డం విన్నారు కాబట్టి నాకు ఒడియా రాదనుకుని నా గురించే మాట్లాడుకుంటున్నారు, ఒక్కతే ఉంది, ఎక్కడ దిగుతుందో చూద్దాం అని. గుండె గుభేల్మంది. పది నిమిషాలు ఆగి, గొంతు పెంచి, బోగీ అంతా వినేలాగ ఒడియాలో కుఆడే జిబే అని అడిగాను. ఎక్కడికి వెళ్తారు, ఏ ఊరు, ఎవరబ్బాయి అని వరసగా. ఎదురు బెర్త్ ముసలాయన లేచి కూర్చున్నాడు, ఆ పైన ఉన్నావిడ లైటు వేసింది. వాళ్లు బ్యాగులు తీసుకుని తలుపు వైపు వెళ్లిపోయి మళ్లీ రాలేదు. నేను ముందే ఆ ముసలాయనతో నాలుగు మాటలు మాట్లాడి ఉండబట్టి ఆయన లేచాడు. మెడలో నల్లపూసలుంటే లేచేవాడా?

సందేహాల రావు:
కోపగించుకోకండి గానీ, ఇంత యుద్ధానికి సిద్ధమై వెళ్లేకన్నా ఇంట్లో మగవాళ్లెవరినైనా తోడు తీసుకెళ్తే పోలేదా? లేదా పగటి బండి. ఇప్పుడు రాయగడకీ బరంపురానికీ పగలే నడిచే వందే భారత్‌లు ఉన్నాయి కదా.

మహేంద్రతనయ:
రావు గారూ, అవి హైదరాబాద్ వెళ్లవు. అన్నయ్యకి సెలవు లేదు, నాన్నకి మోకాళ్లు. పోయినేడు అన్నయ్య ఇదే బండిలో ఒంటరిగా వెళ్తే, ఛార్జర్ పెట్టుకున్నావా అని తప్ప ఎవరూ ఏమీ అడగలేదు.

బరంపురం నర్సు:
డ్యూటీ నుంచి ఇప్పుడే వచ్చాను, కళ్లు మూతలు పడుతున్నాయి, తప్పులుంటే సర్దుకోండి. పదకొండేళ్లుగా రాత్రి బళ్లలో ఒక్కదాన్నే తిరుగుతున్నాను. ఒంటరినని చెప్పడం వేరు, ఎక్కడ దిగి ఎక్కడికి వెళ్తానో చెప్పడం వేరు. వదిన కథలో ప్రమాదం వచ్చింది వీధి పేరు చెప్పడం వల్ల, ఒంటరినని చెప్పడం వల్ల కాదు. నేను ఎక్కగానే చూసేది పిల్లలున్న ఆడవాళ్లు ఎక్కడున్నారా అని. వాళ్లతో రెండు మాటలు మాట్లాడతాను, పిల్లాడికి బెర్త్ మీద చోటిస్తాను, అంతే, స్నేహం అయిపోతుంది. దిగే ఊరు మాత్రం ఎవరడిగినా ఒక స్టేషన్ అవతలిది చెప్తాను.
తినేవి తీసుకోవద్దని అందరూ అంటారు గానీ ఎలా కాదనాలో ఎవరూ చెప్పరు. వద్దండీ అంటే మనవాళ్లు ఊరుకుంటారా, బతిమాలుతారు. నాకు ప్రతి ప్రయాణంలోనూ ఉపవాసమే. సోమవారమైతే శివుడు, శనివారమైతే వెంకన్న.
పెప్పర్ స్ప్రే గురించి ఎవరో ఒకరు ఎలాగూ అడుగుతారు. ఉంచుకోవచ్చు, దానికి లైసెన్సులాంటివి అక్కర్లేదు. కానీ కొన్నాక ఒకసారి పెరట్లో కొట్టి చూసుకోండి. నేను గాలికి ఎదురు నిలబడి కొట్టాను, అరగంట నీళ్లతో కళ్లు కడుక్కున్నాను, మా అత్తగారు రెండు రోజులు నవ్వారు. బోగీలో ఫ్యాన్లు తిరుగుతుంటాయి, కిటికీ తీసి ఉంటుంది, కారం పొడి సంగతి ఇంక చెప్పక్కర్లేదు. నా తాళాల గుత్తికి ఇరవై రూపాయల విజిల్ ఉంటుంది. దానికి ఛార్జింగూ సిగ్నలూ అక్కర్లేదు. పిన్నీసులు ఎలాగూ ఉంటాయి, మన అమ్మలు ఊరికే పెట్టుకోలేదు.

జయపూర్ వదిన:
సరే, వీధి పేరు తప్పు నాదే, ఒప్పుకున్నాను. పిల్లల తల్లులకి చెప్పడం దాకా ఓకే. నల్లపూసల మీద మాత్రం తగ్గేది లేదు.

గుణుపురం గుంట:
వదినా, పెళ్లయిందంటే అక్కడితో ఆగుతారా? మీ ఆయన ఏం చేస్తారు, ఎన్నేళ్లయింది, పిల్లలు లేరా, డాక్టర్‌కి చూపించారా... విజయవాడ వచ్చేసరికి ఈ పిల్ల లేని మొగుడి జీతం కూడా చెప్పాల్సి వస్తుంది. మధ్యలో ఒక్కటి మర్చిపోయినా దొరికిపోతుంది. ఆ ఆయన పక్క బోగీలో ఉంటే రాత్రంతా ఒక్కసారైనా చూడ్డానికి రాడేం?

సందేహాల రావు:
హహ. ఇది పాయింటే.
పలాసలో తెల్లవారుజామున దిగడం గురించి ఎవరూ మాట్లాడలేదు. మా బావమరిదికి అక్కడ ఆటో ఉంది, కావాలంటే నంబరు ఇస్తాను.

మహేంద్రతనయ:
థ్యాంక్స్ అండి, కానీ ముక్కూమొహం తెలియని మీ బావమరిది ఆటో ఎక్కడమే వద్దని కదా మా అమ్మ నల్లపూసలు కొంది.

పాత టీటీ:
రావు గారు తప్పుగా తీసుకోకండి, అమ్మాయి సరిగ్గా చెప్పింది. దిగాక స్టేషన్ బయటికి రాకూడదు. ఆడవాళ్ల వెయిటింగ్ హాల్లో కూర్చోవాలి, అది నచ్చకపోతే టీ కొట్టు, పోలీసు అవుట్‌పోస్టు కనిపించే బెంచీ మీద. వెలుగొచ్చాక జనంతో పాటు బస్సెక్కాలి. ఆ రెండు గంటల కోసమే మంచి నిద్ర రైల్లో పోవాలి, పై బెర్త్‌లో, చెప్పులు కూడా పైన పెట్టుకుని.
సరిహద్దు వాళ్లకి ఇంకో ముక్క. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా, ఇవతల ఆంధ్రా, నడిచే బండిలో ఏదైనా జరిగితే అది మా పరిధి కాదు అనే మాట వింటారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం, బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) సెక్షన్ 173 ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు, తర్వాత సంబంధిత స్టేషన్‌కి వాళ్లే పంపుకుంటారు. బండిలోనే టీటీ దగ్గరో గార్డు దగ్గరో ఎఫ్‌ఐఆర్ ఫారం అడిగి రాసి ఇవ్వొచ్చు, దాని కోసం దిగి ప్రయాణం మానుకోనక్కర్లేదు.

బరంపురం నర్సు:
దీనికి కలుపుతున్నా. ఒక రాష్ట్రం పోలీసుల యాప్ ఆ రాష్ట్రం కంట్రోల్ రూముకే పోతుంది. మనం రోజూ గీత దాటేవాళ్లం కాబట్టి అత్యవసర నంబరు 112 నమ్ముకోవడం మేలు, రెండు వైపులా అదే నంబరు. పవర్ బటన్ వరసగా నొక్కితే దానికి కాల్ పోతుంది, కొన్ని ఫోన్లలో మూడుసార్లు, కొన్నింటిలో ఐదుసార్లు, ఇంట్లో ఉన్నప్పుడే సెట్టింగ్స్‌లో చూసుకో తల్లీ. అమ్మ దగ్గర బటన్ ఫోను ఉంటే 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకోవాలి.

మహేంద్రతనయ (మూడు వారాల తర్వాత):
వెళ్లొచ్చాను. ఆలస్యానికి సారీ.
నల్లపూసలు వేసుకునే వెళ్లాను, అమ్మ ప్లాట్‌ఫారం మీద ఉంది, తీసే ధైర్యం ఎవరికి. ఎదురు బెర్త్‌లో ఇచ్ఛాపురం మామ్మగారు, కోడలు, ఇద్దరు పిల్లలు. బండి కదిలి పావుగంట కాలేదు, మామ్మగారు పెళ్లయిందా అన్నారు. అయిందన్నాను. ఆవిడ నా మెడ వైపు వంగి చూసి, వెనక పట్టుకుని లాగి, మరి దీనికి ఇంకా రేటు చీటీ వేలాడుతోందేటే అన్నారు. నూట ఇరవై రూపాయలు. కోడలు నవ్వలేక చచ్చింది. అప్పుడు నిజం చెప్పేశాను, ఒక్కదాన్నే అని, దిగే చోటు మాత్రం చెప్పలేదు. మామ్మగారు ఆ చీటీ పళ్లతో కొరికి తీసేసి, పైకెక్కి పడుకో, నాకెలాగూ నిద్ర పట్టదు అన్నారు. టీటీకి కూడా చెప్పాను, ఆయన తలూపి వెళ్లిపోయారు, విజయవాడలో ఒకసారి వచ్చి టార్చి వేసి చూసినట్టు గుర్తు.
తిరుగు ప్రయాణంలో పలాసలో నాలుగుకి పది నిమిషాలుందనగా దిగాను. వెయిటింగ్ హాల్లో నర్సింగ్ చదివే ఇద్దరమ్మాయిలు ఉన్నారు, వాళ్లదీ నా పరిస్థితే, ముగ్గురం ఒక బెంచీ మీద వంతులేసుకుని కునికాం. దోమలు మాత్రం ఏ సెక్షన్‌కీ లొంగేలా లేవు. వెలుగొచ్చాక బస్సు.
నల్లపూసలు బ్యాగ్‌లో ఉన్నాయి. పనికొచ్చాయా అని అమ్మ అడిగింది. వచ్చాయనే చెప్పాను.