‘ఒప్పించేలా’కు బదులు ‘-గా’తో ముగిసే మంచి మాట ఉందా?

చెన్నైలో తెలుగు పిల్లల వక్తృత్వ పోటీకి మార్కుల పట్టిక తయారవుతోంది. అందులో “ఒప్పించేలా మాట్లాడారా?” అన్న గడి దగ్గర మీ సాయం కావాలి.

‘ఒప్పించేలా’ అనేది మాట తీరును మాత్రమే చెబుతుంది. “ఒప్పించేలానే మాట్లాడాడు, అయినా వాళ్లు వినలేదు” అనొచ్చు. “ఒప్పించాడు” అంటే పని అయిపోయినట్టే. ‘సయుక్తికంగా’ అనాలంటే కారణాలు, తర్కం ఉండాలి. గొంతులో ఆర్ద్రత ఒక్కటే చాలదు. ‘అనునయంగా’ అలిగినవాళ్లను సముదాయించేటప్పటి మాట, వాదానికి నప్పదు. ‘నమ్మబలుకుతూ’ అసలే వద్దు, అందులో మోసం ధ్వనిస్తుంది.

అసలు చిక్కు ఇదీ. ఒప్పించడానికి అరిస్టాటిల్ మూడు దారులు చెప్పాడు: వక్త మీద గురి, వినేవాళ్ల ఉద్వేగం, వాదంలోని తర్కం. ‘సయుక్తికంగా’ మూడోదానికే అతుకుతుంది. ‘ఒప్పించేలా’లో మూడూ ఇముడుతాయి గానీ, న్యాయనిర్ణేతలు తీరును వదిలేసి, చప్పట్లను బట్టి మార్కులేసే ప్రమాదం ఉంది. ‘ప్రభావవంతంగా’ అందామంటే, భయపెట్టే ప్రసంగానికీ అది వర్తిస్తుంది.

మూడింటినీ పట్టే మాట ఏదైనా వాడుకలో ఉందా? బళ్లోనో, కోర్టులోనో, సభలోనో విన్న వాక్యంతో సహా చెప్పండి. నిఘంటువు అర్థం ఒక్కటే ఇస్తే పదేళ్ల పిల్లలకు అందదు.