జీడిపప్పు మీద జీఎస్టీ తీయిస్తానంటున్నారు మా అభ్యర్థి. అసలు ఎమ్మెల్యే చేతిలో ఏముంటుంది?

పలాస పిక్క (కాశీబుగ్గ, ఏప్రిల్ 2024)

అందరికీ నమస్కారం. మాది కాశీబుగ్గలో చిన్న జీడిపప్పు యూనిట్. నాన్నగారి రోజుల్లో పెనం మీద కాల్చి చేత్తో కొట్టించేవారు. ఇప్పుడు ఒక బాయిలర్, నాలుగు కటింగ్ మెషిన్లు, ఒక డ్రయ్యరు ఉన్నాయి. సీజన్లో పద్దెనిమిది మంది ఆడవాళ్లు పనిలోకి వస్తారు. పిక్కలు (తొక్క తీయని జీడి గింజలు) ఎక్కువగా మందస, వజ్రపుకొత్తూరు రైతుల దగ్గరే కొంటాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా మామయ్య వాళ్ల మూడెకరాల తోట ఒక్క రాత్రిలో నేలకొరిగింది. మా ఉద్దానం ప్రాంతంలో అలాంటి తోటలు ఎన్నో. అప్పటి నుంచి ఆఫ్రికా పిక్క కూడా కొనక తప్పడం లేదు.

మొన్న మా నియోజకవర్గంలో పోటీ చేస్తున్న ఒక అభ్యర్థి వ్యాపారులందరినీ పిలిచి మాట్లాడారు. పార్టీ పేరు రాయను, రాస్తే చర్చంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఆయన చెప్పినవి ఇవి: గెలిస్తే జీడిపప్పు మీద 5 శాతం జీఎస్టీ తీయించేస్తాను, కరెంటు భారం తగ్గిస్తాం, డీజిల్ ఒడిశా రేటుకి తెస్తాం, తనిఖీల పేరుతో ఎవరూ మీ గడప తొక్కకుండా చూస్తాను.

చప్పట్లు బాగా పడ్డాయి. నేనూ కొట్టాను. కానీ ఇంటికొచ్చి లెక్కల పుస్తకం తీశాక అనుమానం మొదలైంది. వీటిలో ఒక ఎమ్మెల్యే చేయగలిగేవి ఏవి? మే 13న పోలింగ్. ఈ ఆదివారం ఆయన మళ్లీ వస్తున్నారు, ప్రశ్నలు అడగొచ్చన్నారు. ఏం అడగాలో తెలిసినవాళ్లు చెప్పండి.

విజయనగరం పెద్దాయన

బాబూ, నేను వాణిజ్య పన్నుల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. జీఎస్టీ సంగతి వరకు చెప్తాను.

రేట్ల సిఫారసులు జీఎస్టీ కౌన్సిల్‌లో జరుగుతాయి. అక్కడ ఓటులో మూడో వంతు బరువు కేంద్రానిది, మిగతా రెండొంతులు రాష్ట్రాలన్నిటిదీ కలిపి. ఏ నిర్ణయానికైనా నాలుగింట మూడు వంతుల మద్దతు కావాలి. మన తరఫున సాధారణంగా ఆర్థిక మంత్రి కూర్చుంటారు. మీ అభ్యర్థి గెలిచి, ఆ మంత్రిని ఒప్పించి, ఆయన మిగతా రాష్ట్రాలను ఒప్పిస్తే అప్పుడు మాట. కౌన్సిల్ సిఫారసులకు కట్టుబడి తీరాలని లేదని 2022లో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే గానీ, ఒక సరుకు మీద ఒక రాష్ట్రం విడిగా పన్ను ఎత్తేసిన సందర్భం నాకు కనిపించలేదు.

అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. పన్ను తీసేస్తే మీకు మేలేనా? రైతు దగ్గర పిక్క కొన్నప్పుడు ఆ 5 శాతం రైతు కట్టడు, రివర్స్ చార్జి కింద మీరే కట్టాలి. అది కూడా క్రెడిట్‌లోంచి, అంటే ఇంతకుముందు కొనుగోళ్ల మీద కట్టిన పన్ను జమలోంచి కుదరదు, నగదు కట్టాలి. తర్వాత పప్పు అమ్మినప్పుడు ఆ మొత్తం సర్దుబాటు చేసుకుంటున్నారు. పప్పు మీద పన్ను ఎత్తేసి పిక్క మీద ఉంచారనుకోండి, పిక్క మీద కట్టింది మీ నెత్తినే పడుతుంది. మెషిన్ల మీద కట్టిన 18 శాతం కూడా వెనక్కి రాదు. తీసేస్తే రెండింటి మీదా తీయాలి. ఆ తేడా ఆయనకి తెలుసో లేదో అడుగు.

పలాస పిక్క

గురువుగారూ, మీరన్నది నా పుస్తకంలోనే ఉంది, నేనే ఆ దృష్టితో చూడలేదు. 80 కిలోల బస్తా 9,000 వేసుకుంటే వంద బస్తాలకి 9 లక్షలు. దాని మీద 45,000 చేతి నుంచి కట్టాలి. కొనేది ఈ రెండు మూడు నెలల్లోనే, అమ్మేది ఏడాది పొడుగునా. కాగితం మీద క్రెడిట్ ఉంటుంది, జేబులో డబ్బుండదు. ఆ 45,000 కోసమే వడ్డీకి తెచ్చిన సంవత్సరాలున్నాయి. మాకు నొప్పి ఉన్నది రేటు దగ్గర కాదు, ఇక్కడ.

ఇచ్ఛాపురం లారీ

డీజిల్ మాట మాత్రం పూర్తిగా రాష్ట్రం చేతిలోదే అన్నయ్యా. పెట్రోలు, డీజిల్ జీఎస్టీలో లేవు. మన దగ్గర డీజిల్ మీద వ్యాట్ 22.25 శాతం, పైన లీటరుకి 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. నా బండి పప్పు లోడుతో ఉత్తరాదికి వెళ్తే మన వైపు ట్యాంకు నింపను, బోర్డర్ దాటాకే. మా ఊళ్లో ఏ డ్రైవర్ని అడిగినా ఇదే చెప్తాడు. ఆ లీటర్ల మీద మన రాష్ట్రానికి వచ్చేది సున్నా. తగ్గిస్తే ఖజానాకి ఎంత పోతుంది, ఇటు తిరిగొచ్చే బళ్ల వల్ల ఎంత వస్తుంది, ఈ లెక్క వేశారా అని అడగండి.

మందస అమ్మాయి

మా అమ్మ పదకొండేళ్లుగా పీలింగ్ (పప్పు మీద పొట్టు తీసే) పని చేస్తోంది. అన్నా, మీ మీటింగులో పద్దెనిమిది మంది ఆడవాళ్లలో ఒక్కరైనా కూర్చున్నారా?

"తనిఖీలు ఉండవు" అనే మాట మీకు హాయిగా వినిపించి ఉంటుంది. మా ఇంట్లో అలా వినిపించదు. కటింగ్‌లో ఉన్నప్పుడు అమ్మ చేతులకి జీడి అంటి పొక్కులు లేచేవి. ఆముదం రాసుకుని, బూడిద అద్దుకుని కూర్చునేది. రాత్రి అన్నం ముద్ద కలపలేక చెంచాతో తినేది. గ్లవ్స్ ఇస్తే పని నెమ్మదిస్తుందని ఇవ్వలేదు. బాయిలర్ చూసేవాళ్లు రాకపోతే, కూలీ లెక్క అడిగేవాళ్లు రాకపోతే ఎవరు అడుగుతారు? లంచానికి వచ్చేవాళ్లని ఆపమనండి. తనిఖీనే ఆపమనకండి.

పలాస పిక్క

అమ్మా, ఒక్కరూ లేరు. ఎవరినీ పిలవాలని మాకు తోచలేదు. మా షెడ్డులో గ్లవ్స్ ఉన్నాయి గానీ కిలో లెక్కన కూలీ కాబట్టి వేసుకోవడం తక్కువ. అది వాళ్ల తప్పని నేను అనను. రేటు కట్టే విధానం మాది.

కరెంటు బిల్లు ఇప్పుడే ముందు పెట్టుకున్నాను. గత నెల 3,800 యూనిట్లు. ఎలక్ట్రిసిటీ డ్యూటీ వరుసలో 3,800 రూపాయలు, యూనిట్‌కి రూపాయి. 2022కి ముందు ఇది 6 పైసలే. పాత లెక్కన అయితే 228 రూపాయలు అయ్యేది. ఇది పెంచింది రాష్ట్రం, తగ్గించగలిగేదీ రాష్ట్రమే. దీనికి ఢిల్లీలో ఎవరినీ ఒప్పించక్కర్లేదు. ఆయన "కరెంటు భారం" అన్నారు గానీ ఈ రూపాయి పేరు ఎత్తలేదు.

విజయనగరం పెద్దాయన

మంచి చోట పట్టుకున్నావు. ఇంకొక్కటి. పన్ను వేసే బిల్లు ఎమ్మెల్యే సొంతంగా పెట్టలేడు, గవర్నర్ సిఫారసు కావాలి. కానీ సభ ముందున్న బిల్లులో పన్ను తగ్గించమనే సవరణకి ఆ సిఫారసు అక్కర్లేదు, రాజ్యాంగం 207వ అధికరణలోనే ఉంది. ప్రతిపక్షంలో కూర్చున్నా ఆ సవరణ పెట్టొచ్చు. "మా ప్రభుత్వం రాకపోతే ఏం చేయగలను" అనే జవాబుకి తావివ్వకు.

పలాస పిక్క

సరే. జీఎస్టీ తీయించమని అడగను. రైతు దగ్గర కొన్నప్పుడు నగదు ముందే కట్టే పద్ధతిని అమ్మకం దాకా వాయిదా వేయించమని కౌన్సిల్‌కి రాయిస్తారా అని అడుగుతాను. డ్యూటీ రూపాయి నుంచి ఎంతకి, ఏ బడ్జెట్‌లో అని అడుగుతాను. డీజిల్ లెక్క అడుగుతాను.

మందస అమ్మాయి గారూ, మా షెడ్డు నుంచి ముగ్గురు వస్తామన్నారు. ఆ రోజు కూలీ పోకుండా నేను చూస్తాను. వాళ్ల ప్రశ్న వాళ్లే అడుగుతారట, నన్ను అడగొద్దన్నారు. మీ అమ్మగారికి వీలైతే రమ్మనండి. ఆదివారం ఉదయం పదిన్నరకి. ఆరు నెలల కరెంటు బిల్లులు జిరాక్సు తీయించి పెట్టాను.