పడవ మోటారు కింది సిలిండర్‌లోకి నీరు: హెడ్ గ్యాస్కెట్ మార్చినా ఆగడం లేదు

ప్రశ్న (సీతానగరం నుంచి)

నమస్కారమండీ. ప్రకాశం బ్యారేజీకి ఎగువన చేపల వేటకు వాడుకునే మా పడవకు 25 హెచ్‌పీ, రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ మోటారు ఉంది. దాని కింది సిలిండర్‌లోకి నీరు చేరుతోంది. సాయంత్రం వరకు ఏ ఇబ్బందీ లేకుండా నడిచిన మోటారు, తెల్లవారుజామున తాడు లాగితే సగంలోనే బిగుసుకుపోతోంది. ప్లగ్గులు విప్పి చూస్తే పైది ఎప్పటిలాగే ముదురు గోధుమరంగులో, నూనె జిడ్డుతో ఉంటోంది. కిందిది మాత్రం తోమిన గిన్నెలా మెరుస్తూ, దాని మొనల మధ్య ఒక నీటిబొట్టు నిలిచి కనిపిస్తోంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఈ పడవలోనే పాలు, మంచినీళ్లు చేరవేశాము. ఆ బురద నీటిలో ఒకసారి మోటారు విపరీతంగా వేడెక్కి ఆగిపోయింది. ఇంపెల్లర్ (నీటి పంపులోని రెక్కల చక్రం) మార్చాక బాగానే నడిచింది గనుక అప్పట్లో ఇక లోతుగా చూడలేదు. గత నెలలో నీరు కనిపించగానే హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్‌కూ దాని మూత అయిన హెడ్‌కూ మధ్య ఉండే పట్టీ) మార్పించాను, కానీ మూడు రోజులకే కథ మళ్లీ మొదటికొచ్చింది. కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కే గాలి ఒత్తిడి) పైన 112, కింద 108 పీఎస్‌ఐ చూపిస్తోంది. బ్లాక్ పగిలిందని, మోటారు మార్చుకోవడమే మేలని మెకానిక్ అంటున్నారు. వేట మీదే ఇల్లు గడిచే మాకు అది చిన్న ఖర్చు కాదు. బ్లాక్ నిజంగా పగిలిందో లేదో తేల్చుకునే దారి ఏదైనా ఉంటే దయచేసి చెప్పండి.

జవాబు 1 (ఆటోనగర్ మెకానిక్)

ముందుగా ఆ నీరు నదిదా, పెట్రోలులో వచ్చినదా అన్నది తేల్చుకోండి. ఇప్పుడు బంకులో పోసే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ హద్దు దాటితే నీరూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుగుకు దిగిపోతాయి. కార్బురేటర్ కింది గిన్నెలోని పెట్రోలును గాజు సీసాలోకి వంచి అరగంట కదపకుండా ఉంచితే, నీరుంటే అడుగున వేరే పొరగా కనిపిస్తుంది. మీ మోటారుకు కార్బురేటర్ ఒక్కటే అయితే నీరు రెండు సిలిండర్లలోనూ కనిపించాలి గనుక పెట్రోలు మీద నాకు అనుమానం తక్కువే. అయినా ఖర్చు లేని పని కాబట్టి వదిలిపెట్టకండి.

ఇక హెడ్ సంగతి. వేడెక్కినప్పుడు హెడ్ వంగి ఉంటే ఎంత మంచి గ్యాస్కెట్ వేసినా నిలవదు. స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని ఇనుప బద్ద) అడ్డంగా, ఐమూలగా పెట్టి 0.1 మి.మీ. ఫీలర్ (సందు కొలిచే పలుచని రేకు) దూరుతుందేమో చూడాలి. దూరితే ఫేసింగ్ చేయించి చదును చేయక తప్పదు. విప్పిన పాత గ్యాస్కెట్‌ను పారేయకపోతే దాన్ని కూడా వెలుతురులో చూడండి. హెడ్ నుంచి లీకైతే నీటి రంధ్రం దగ్గర మొదలై సిలిండర్ అంచు వరకు ఒక చార కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు

మీరు చెప్పినట్టే చూశానండీ. కార్బురేటర్ ఒక్కటే. సీసాలో నీటి పొర లేదు. లేత్ షాపులో హెడ్ పరీక్షిస్తే 0.05 ఫీలర్ కూడా దూరలేదు. గ్యాస్కెట్ మీద చార లేదు.

జవాబు 2 (ఇబ్రహీంపట్నం, పడవల మరమ్మతు)

హెడ్ బాగుంది, కంప్రెషన్ బాగుంది, అయినా నీరు వస్తోందంటే నా చూపు సైలెన్సర్ వైపుకు, అంటే ఎగ్జాస్ట్ కవర్ వైపుకు వెళ్తుంది. టూ స్ట్రోక్‌లో పిస్టన్ పైకి వెళ్తూ ఎగ్జాస్ట్ పోర్టును (పొగ బయటికి పోయే రంధ్రాన్ని) మూసేసిన తరువాతే కంప్రెషన్ మొదలవుతుంది గనుక, పోర్టుకు అవతల ఎంత పెద్ద చిల్లు ఉన్నా గేజ్‌లో దాని జాడ ఉండదు. 108 చూసి సిలిండర్ పొడిగా ఉందని అనుకోవడానికి వీల్లేనట్టే, నీరు చూసి బ్లాక్ పగిలిందని అనుకోవడానికీ వీల్లేదు.

ఇలాంటి చాలా మోటార్లలో బ్లాక్ పక్కన రెండు పొరల కవర్ ఉంటుంది. లోపలి రేకుకు ఒకవైపు మంటలాంటి పొగ, మరోవైపు చల్లబరిచే నీరు. మోటారు ఒకసారి గట్టిగా వేడెక్కితే దాని గ్యాస్కెట్ మాడిపోతుంది, ఒండ్రు చేరిన చోట రేకు తినుకుపోతుంది. మోటారు నడుస్తున్నంతసేపు అక్కడ ఊరే నీటిలో ఎక్కువ భాగం పొగతో పాటే బయటికి పోతుంది. వెనక్కి తన్నే పొగతో కొంత సిలిండర్‌లోకి చేరి ఆవిరవుతుంది. మీ ప్లగ్గు కడిగినట్టు మెరవడానికి కారణం ఆ ఆవిరే. మోటారు ఆపాక జాకెట్‌లో (చల్లబరిచే నీరు తిరిగే ఖాళీలో) మిగిలిన నీరు మెల్లగా కారి, పోర్టు తెరిచి ఉన్న సిలిండర్‌లో నిలుస్తుంది. మీ బాధంతా తెల్లవారుజామునే కనిపిస్తోందని మీరు రాసిన ఆ ఒక్క మాట వల్లే నాకు ఈ అనుమానం బలపడింది.

పరీక్ష ఇలా చేయండి. డ్రమ్ము నీటిలో పది నిమిషాలు నడిపి ఆపి, వెంటనే ప్లగ్గులు చూడండి. తరువాత కింది పిస్టన్ ప్లగ్గుకు పూర్తిగా దూరంగా వెళ్లి పోర్టు తెరుచుకునేలా తిప్పి, మోటారును నిటారుగానే గంటసేపు వదిలేసి మళ్లీ చూడండి. మొదటిసారి కంటే రెండోసారి నీరు బాగా పెరిగితే కవర్ విప్పవలసిందే. అక్కడ తొందరపడకండి. అల్యూమినియంలో పాతుకుపోయిన 6 మి.మీ. బోల్టులు తెగిపోతే అసలు జబ్బు కంటే పెద్ద ఖర్చవుతుంది. తుప్పు వదిలించే నూనె ముందురోజు రాత్రే పోసి, తల మీద చిన్నగా తట్టి, వేడిగాలి చూపి, బిగించే వైపుకు కొద్దిగా కదిపాకనే విప్పండి. రేకును శుభ్రం చేసి ఎండకు ఎదురుగా పట్టుకుంటే సూదిమొన అంత చిల్లు ఉన్నా వెలుగు కనిపిస్తుంది.

రేకు, గ్యాస్కెట్ రెండూ బాగుంటేనే బ్లాక్‌ను అనుమానించాలి. దానికి నీటి దారులన్నీ మూసి 10 నుంచి 15 పీఎస్‌ఐ గాలి పెట్టి, సబ్బు నీరు పూసి బుడగలు చూడాలి. వెల్డింగు తనిఖీకి వాడే ఎర్ర డైతో కూడా పగులు బయటపడుతుంది. ఈ పరీక్ష చేయకుండా ఎవరు చెప్పినా మోటారు మార్చకండి.

జవాబు 3 (పున్నమి ఘాట్ పడవ నడిపేవారు)

ఒక జాగ్రత్త కూడా చెప్పనివ్వండి. బిగుసుకున్న మోటారు తాడును బలంగా లాగకండి. నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. ప్లగ్గులు తీసి, వాటి వైర్లను ఎర్త్‌కు తగిలించి, మెల్లగా తిప్పి నీరు బయటికి పంపండి. ఆ వెంటనే కార్బురేటర్ నుంచీ, ప్లగ్గు రంధ్రాల నుంచీ టూ స్ట్రోక్ నూనె పోసి మళ్లీ తిప్పండి. క్రాంక్ బేరింగులకు తుప్పు పట్టడానికి ఒక్క రాత్రి చాలు. ఇంటికి మోసుకెళ్లేటప్పుడు మోటారు తల కిందికి, ఫ్యాను పైకి ఉండేలా పడుకోబెట్టినా మోటారు కింది కాలులోని నీరు పోర్టుల గుండా సిలిండర్‌లోకి వెళ్తుంది. మీరు అలా మోయడం లేదని అనుకుంటున్నాను.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మోటారు పడవకే ఉంటుంది, మోయడం లేదండీ. డ్రమ్ము పరీక్షలో ఆపిన వెంటనే ప్లగ్గు మీద తడి మాత్రమే ఉంది. గంట తరువాత తాడు తిప్పితే రంధ్రంలోంచి చెంచాడు నీరు చిమ్మింది. కవర్ విప్పాను. పదకొండు బోల్టులు వచ్చాయి, ఒకటి తెగింది, దాన్ని ఆటోనగర్‌లో డ్రిల్లు వేసి తీయించాను. రేకు లోపలివైపు కింది పోర్టుకు ఎదురుగా తెల్లని పొడి పేరుకుని ఉంది. గీకి ఎండకు పట్టుకుంటే రెండు చోట్ల వెలుగు కనిపించింది. దాని వెనుక జాకెట్‌లో వేలి మందాన గట్టిపడిన ఒండ్రు ఉంది. బ్లాక్‌కు గాలి పెట్టి సబ్బు నీరు పూస్తే ఎక్కడా బుడగ రాలేదు. కొత్త రేకు, రెండు గ్యాస్కెట్లు వేసి బిగించాను. రెండు రాత్రులుగా కింది సిలిండర్ పొడిగా ఉంది, తాడు తేలికగా తిరుగుతోంది.

జవాబు 2 (ఇబ్రహీంపట్నం, పడవల మరమ్మతు)

చాలా సంతోషం. నాలుగైదు గంటలు నడిపి, పూర్తిగా చల్లారాక కవర్ బోల్టులను మధ్య నుంచి అంచులకు ఒకసారి మళ్లీ టార్క్ (బిగింపు) సరిచూడండి. అంత ఒండ్రు ఉందంటే థర్మోస్టాట్‌ను (వేడిని బట్టి నీటి దారి తెరిచే కవాటాన్ని) కూడా విప్పి కడగాలి, అది ఇరుక్కుంటే మోటారు మళ్లీ వేడెక్కుతుంది.