వీకెన్ ప్రశ్న: జవాబు బి ఎలా అవుతుంది?

పాలమూరు_రీడర్:
విదేశాల్లో పీజీ కోసం రాసే జీఆర్‌ఈ పరీక్షకు చదువుతున్నాను. రచయిత వాదనను బలహీనపరిచే ఆప్షన్ ఏది అని అడిగే వీకెన్ ప్రశ్నల దగ్గరే దెబ్బ తింటున్నాను. ప్రాక్టీస్‌లో వచ్చిన ఒకటి తెలుగులో పెడుతున్నా.

ఒక ఊళ్లో మెయిన్ రోడ్డు పక్కన సైకిల్ దారి వేశారు. మరుసటి ఏడాది ఆ రోడ్డు మీది దుకాణాల మొత్తం అమ్మకాలు పెరిగాయి. కాబట్టి సైకిల్ దారి వల్లే వ్యాపారం పెరిగిందని రచయిత అంటాడు. దీన్ని అన్నిటికంటే ఎక్కువగా బలహీనపరిచేది ఏది?
ఎ) దారి వేయడానికి అనుకున్నదానికంటే ఎక్కువ ఖర్చయింది.
బి) అదే ఏడాది సైకిల్ దారి లేని పక్క రోడ్లలోనూ అమ్మకాలు అంతే పెరిగాయి.
సి) కొందరు దుకాణదారులు దారి వద్దని మొదట్లో గొడవ చేశారు.
డి) ఆ రోడ్డు మీది రెండు దుకాణాల్లో అమ్మకాలు తగ్గాయి.

కీలో బి ఉంది. నేను డి పెట్టాను. పెరిగాయన్నవాడికి తగ్గాయని చూపించడమే కదా గట్టి దెబ్బ?

విశాఖ_వర్బల్:
బి కరెక్ట్. రచయిత చెప్పింది మొత్తం అమ్మకాల సంగతి. రెండు కొట్లలో తగ్గినా మొత్తం పెరగొచ్చు, కాబట్టి డి ఆయన్ను తాకదు. ఆయన ఇచ్చిన వాస్తవంతో మనకు పేచీ లేదు. ఆ వాస్తవం నుంచి ముగింపుకు ఎలా వెళ్లాడో అక్కడ పట్టుకోవాలి. వేరే కారణమేదీ లేదని ఆయన పైకి చెప్పకుండా నమ్మాడు. బి దాన్నే కొడుతుంది. ఆప్షన్లు చూడకముందే ఆ చెప్పని మాటేంటో పట్టుకో తమ్ముడూ, సగం పని అయిపోతుంది.

ఎకనామిక్స్_రాజు:
బి తప్పు. సైకిళ్ల మీద వచ్చిన జనం పక్క వీధుల్లోనూ కొంటారు. దారి వల్లే అక్కడా వ్యాపారం పెరిగి ఉండొచ్చు. అప్పుడు బి రచయితకు బలమే అవుతుంది.

విశాఖ_వర్బల్:
ఆ ‘ఉండొచ్చు’ మీరు కలిపింది, ప్రశ్నలో లేదు. పైగా బలహీనపరచడమంటే అబద్ధమని తేల్చడం కాదు, నమ్మకం కొంత తగ్గితే చాలు. దారి లేనిచోట కూడా అంతే పెరిగిందని తెలిశాక రచయిత మాట మీద మీకు మొదటున్నంత నమ్మకం ఉందా?

ఎకనామిక్స్_రాజు:
ఉంది. కారణం పైనే చెప్పాను.

క్యాట్_2025:
బి. నెక్స్ట్.

అమీర్‌పేట_మాజీ:
ఈ పద్ధతులన్నీ నాకు చెప్పారు, ఫీజు కట్టించుకుని మరీ. ‘అన్నీ’, ‘ఎప్పుడూ’, ‘ఒక్కటి కూడా’ లాంటి గట్టి మాటలున్న ఆప్షన్ కొట్టెయ్యమన్నారు. వీకెన్ ప్రశ్నల్లో వరుసగా కరెక్ట్ ఆప్షన్లే కొట్టేసుకుంటూ పోయాను. అందుకే నాకు ఏ టెక్నిక్ మీదా నమ్మకం లేదు.

హనుమకొండ_టీచర్:
మీకు చెప్పింది వేరే రకం ప్రశ్నకు పనికొచ్చే సూత్రం. పాసేజీ నుంచి ఏం తేలుతుంది అని అడిగినప్పుడు గట్టి మాట ప్రమాదం. వీకెన్‌లో ఆప్షన్‌ను నిజమనుకోమని ప్రశ్నే చెబుతుంది. నిజమనుకున్నాక అది ఎంత గట్టిగా ఉంటే దెబ్బ అంత గట్టిది. ఈ తేడా చెప్పకుండా పిల్లల్ని పరీక్షకు పంపడం అన్యాయం.
ఇంకోటి, ఎంబీఏ సీటు కోసం క్యాట్ రాసేవాళ్లకు. ‘ఇవన్నీ బలహీనపరుస్తాయి, ఒక్కటి తప్ప’ అని వస్తే, ఆ ఒక్కటి రచయితను బలపరచాలని లేదు. సంబంధం లేనిదైనా అదే జవాబు. అక్కడ బలపరిచేదాని కోసం వెతికి మైనస్ మార్కు తెచ్చుకునేవాళ్లను చాలామందిని చూశాను.

ఎకనామిక్స్_రాజు:
నా ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. పక్క రోడ్ల మీద ప్రభావం పడదని ఎవరు చెప్పారు?

విశాఖ_వర్బల్:
పడుతుందని ఎవరు చెప్పారు? జీఆర్‌ఈ వర్బల్‌లో 2023 సెప్టెంబర్ నుంచి 27 ప్రశ్నలకు 41 నిమిషాలే. ప్రతి ఆప్షన్‌కూ మీలా కథ అల్లుతూ కూర్చుంటే సెక్షన్ పూర్తవదు. డిగ్రీ ఉందని చూపించుకునే చోటు కాదండీ ఇది.

ఎకనామిక్స్_రాజు:
డిగ్రీ చూపించుకోవడమా? నాలుగేళ్లు నేర్చుకున్నదే నా చేత తప్పు జవాబు పెట్టించింది. ప్రభుత్వ పథకాల ఫలితం లెక్కగట్టేటప్పుడు పక్క ప్రాంతాల మీద ప్రభావం చూడాలని మా ప్రొఫెసర్లు పదేపదే చెప్పారు. అది చూసినవాడికి సున్నా, ఏమీ తెలియనివాడికి మార్కు. నా గొడవ బి గురించి కాదు. తెలిసింది పక్కన పెట్టి చదవమంటే అది చదవడమెలా అవుతుంది?

హనుమకొండ_టీచర్:
ఇప్పుడు అసలు మాట అన్నారు రాజు గారూ. నేను తెలుగు మీడియం పిల్లలకు చెబుతాను. వాళ్లలో ఎకనామిక్స్ చదివినవాళ్లు లేరు, సైకిల్ దారి చూసినవాళ్లూ తక్కువే. పాసేజీలో లేని విషయం తెలిసినవాళ్లకు మార్కు వస్తే, ఆ పరీక్ష మా పిల్లలకు మొదటి రోజే మూసుకుపోతుంది. కావలసిందంతా పేజీలోనే ఉండాలన్న నియమం వాళ్లకు రక్షణ. దాన్ని మాత్రం వదులుకోను.

ఎకనామిక్స్_రాజు:
మీ పిల్లల మాట ఒప్పుకుంటాను మేడమ్. కానీ అప్పుడు ఆప్షన్ కూడా శుభ్రంగా రాయాలి. బి లో ‘సైకిళ్లు వెళ్లలేని దూరంలో ఉన్న రోడ్లలో’ అని ఉంటే నేను ఒక్క మాట అనేవాణ్ని కాదు.

విశాఖ_వర్బల్:
అలా రాస్తే ఇంకా గట్టిపడుతుంది, నిజమే. ఇప్పుడున్నట్టుగానూ ఎ, సి, డి కంటే బి నే ఎక్కువగా కొడుతుంది. అడిగింది అంతే.

ఎకనామిక్స్_రాజు:
సరిగ్గా రాయని ప్రశ్నకు పోలికతో మార్కు వేయడం నేను ఒప్పుకోను.

పాలమూరు_రీడర్:
డి ఎందుకు కాదో నాకు అర్థమైంది. టీచర్ గారూ, ఆ ‘ఒక్కటి తప్ప’ రకం ప్రశ్న ఒకటి పెడతారా?