బెర్లిన్‌లో డెవలపర్ ఎక్స్‌పీరియన్స్ ఉద్యోగం, సాయంత్రం కోడింగ్ పాఠాలు: సలహా కావాలి

బెర్లిన్, వచ్చి ఐదు నెలలు

పెద్దలందరికీ నమస్కారం. మాది హనుమకొండ. హైదరాబాదులో నాలుగేళ్లు బ్యాకెండ్ డెవలపర్‌గా పనిచేసి, బ్లూ కార్డు (విదేశీ నిపుణులకు ఇచ్చే నివాస, పని అనుమతి) మీద బెర్లిన్ వచ్చాను. పాత కంపెనీలో కొత్తగా చేరినవారి పక్కన కూర్చుని కోడ్ మార్పులను భద్రపరిచే గిట్, ప్రోగ్రాంను ఎక్కడైనా ఒకేలా నడిపించే డాకర్ నేర్పిన రోజులే నాకు ఎక్కువ తృప్తినిచ్చాయి కనుక, తోటి డెవలపర్ల పని సులువు చేసే డెవలపర్ ఎక్స్‌పీరియన్స్ వైపు, వీలైతే బోధన వైపు మారాలనుకుంటున్నాను. ఇక్కడ ఎలా మొదలుపెట్టాలి? ఒక శిక్షణ సంస్థవారు వారానికి రెండు సాయంత్రాలు పైథాన్ పాఠాలు చెప్పమని అడుగుతున్నారు. ఒప్పుకోవచ్చా?

హాంబర్గ్, పదకొండేళ్లుగా

చెల్లీ, ఉద్యోగ ప్రకటనల్లో ఆ పేరు వెతకడానికి ముందు నీ కంపెనీలోనే చేయవలసిన పని ఒకటి ఉంది. మీ బృందంలో ఈసారి ఎవరు కొత్తగా చేరినా, వారి అనుమతితో పక్కన కూర్చుని, ల్యాప్‌టాప్ తెరిచినప్పటి నుంచి వారి మొదటి మార్పు మెయిన్ బ్రాంచిలో, అంటే అందరూ వాడే అసలు కోడ్‌లో, కలిసేవరకు ఎక్కడెక్కడ ఆగిపోయారో, ఎవరిని అడగవలసి వచ్చిందో, ఏ సూచన పాతబడిందో గడియారం చూసి రాసిపెట్టు. మా వృత్తిలో దీన్ని ఫ్రిక్షన్ లాగ్ అంటారు. నేను మొదటిసారి రాసినప్పుడు, కొత్తవారికి మూడు పనిదినాలు పడుతున్న సెటప్‌లో రెండు రోజులు కేవలం ఒక డేటాబేస్ అనుమతి కోసం ఎదురుచూడటానికే పోతున్నాయని తేలింది. ఆ రెండు పేజీలు చూశాకే మా మేనేజరు నాకు ఈ పని అప్పగించారు.

ఎర్రర్ సందేశాలను కూడా పాఠాలుగానే చూడటం అలవాటు చేసుకో. 2021లో వచ్చిన పైథాన్ 3.10, మూయడం మరిచిన బ్రాకెట్‌ను ఏ వరుసలో తెరిచామో చూపించి ఇది మూయలేదు అని చెబుతుంది. అంతకుముందు చాలాసార్లు ఆ తర్వాతి వరుసను చూపి సింటాక్స్ తప్పు అని మాత్రమే చెప్పేది. కొత్తవారు ఏ తప్పూ లేని వరుసను అరగంట సేపు తుడిచి రాసుకుంటూ ఉండేవారు. ఆ అరగంటను మిగల్చడమే మన ఉద్యోగం. డాక్యుమెంటేషన్ విషయానికి వస్తే, డానియేల్ ప్రోచిడా రూపొందించిన డయాటాక్సిస్ పద్ధతి చదువు. మొదటిసారి నేర్చుకునేవారికి పాఠం, పని మధ్యలో ఉన్నవారికి చేసే విధానం, వెతికేవారికి వివరాల పట్టిక, ఎందుకు అని అడిగేవారికి వివరణ వేర్వేరుగా ఉండాలని అది చెబుతుంది. చాలా కంపెనీల పేజీలు అర్థం కాకపోవడానికి ఈ నాలుగింటినీ కలిపేయడమే కారణమని నా అనుభవం.

మ్యూనిక్, పద్నాలుగేళ్లుగా

అమ్మా, ఫ్రిక్షన్ లాగ్ తరువాత రాయవచ్చు. సాయంత్రం పాఠాలకు ఒప్పుకునే ముందు మీ కార్డుతో పాటు ఇచ్చిన మడత కాగితం, అంటే జుసాట్స్‌బ్లాట్, తీసి చదవండి. అందులో స్వయం ఉపాధికి అనుమతి లేదన్న వాక్యం ఉంటే, ఇన్వాయిస్ రాసి డబ్బు తీసుకునే ఏ పనికైనా విదేశీయుల కార్యాలయం నుంచి ముందుగా అనుమతి పొందాలి.

ఇది నాకు ఎలా తెలిసిందో చెబుతాను. అప్పట్లో నేను వేరే చిన్న పట్టణంలో ఉండేవాడిని. ఒక శిక్షణ సంస్థ శనివారాల్లో జావా చెప్పమని పిలిచింది. గంటకు నలభై యూరోలు, మీరు ఫ్రీలాన్సర్, కాగితాల సంగతి మేం చూసుకుంటాం అన్నారు. నమ్మాను. ఏడాదిన్నర చెప్పాను, పన్ను రిటర్నులో ఆ ఆదాయాన్ని దాచకుండా చూపించాను. కార్డు పొడిగింపుకు వెళ్లిన రోజున ఆ రిటర్ను చూసిన అధికారి, ఈ సంపాదనకు అనుమతి ఏదని అడిగారు. సంస్థకు ఫోన్ చేస్తే అది మీ వ్యక్తిగత విషయం అన్నారు. నా దరఖాస్తు నాలుగు నెలలు ఆగిపోయింది, చేతిలో తాత్కాలిక పత్రం మాత్రమే మిగిలింది. అదే సమయంలో తెనాలిలో మా చెల్లి పెళ్లి. వెళితే తిరిగి రానిస్తారో లేదో అన్న భయంతో వెళ్లలేదు. అన్నగా నేను చేయవలసిన పనులు మా బాబాయి కొడుకు చేశాడు, నేను ఫోనులో చూస్తూ కూర్చున్నాను. చివరకు న్యాయవాదికి డబ్బు కట్టి, పొరపాటు ఒప్పుకుంటూ ఉత్తరం రాశాక కార్డు వచ్చింది.

అంతటితో ఆగలేదు. జర్మనీలో ఉద్యోగులెవరినీ పెట్టుకోకుండా సొంతంగా పాఠాలు చెప్పేవారు చట్టప్రకారం పెన్షన్ బీమా కట్టాలి. రేటు 18.6 శాతం, అదీ మొత్తం మనమే కట్టాలి. 2025 లెక్క ప్రకారం, లాభం నెలకు 556 యూరోలు దాటకపోతే ఇది వర్తించేది కాదు. పని మొదలైన మూడు నెలల్లో మనమే పెన్షన్ బీమా సంస్థకు తెలియజేయాలి. సాఫ్ట్‌వేర్ ఫ్రీలాన్సర్లకు సాధారణంగా ఈ బాధ్యత ఉండదు కనుక, మనవాళ్లు బోధనకు కూడా ఉండదనుకుంటారు.

ఇంకొక మాట, ఉద్యోగం మారాలంటే మొదటి రెండేళ్లు అనుమతి తప్పనిసరి.

హాంబర్గ్

అన్నయ్యగారూ, మీరు పడిన బాధ చదివి చాలా విచారించాను, కానీ చివరి వాక్యాన్ని సరిదిద్దాలి. రెండేళ్ల నియమం 2023 నవంబరులో పోయింది. ఇప్పుడు మొదటి పన్నెండు నెలల్లో మారితే విదేశీయుల కార్యాలయానికి తెలియజేయాలి. షరతులు సరిపోతున్నాయో లేదో చూడటానికి కార్యాలయం ఆ మార్పును ముప్పై రోజులు ఆపవచ్చు, సరిపోకపోతే నిరాకరించవచ్చు. కొత్త ఉద్యోగం చూసుకునేటప్పుడు అంతకంటే ముఖ్యమైనది పని వివరణ. ఐటీ నిపుణులకు 2025లో బ్లూ కార్డుకు కావలసిన కనీస వార్షిక జీతం 43,759.80 యూరోలు, సాధారణ వృత్తులకు 48,300గా ఉండేది. కంపెనీ సాధనాలను బయటి డెవలపర్లకు పరిచయం చేసే డెవలపర్ అడ్వకేట్ అన్న పదవిని మార్కెటింగ్ కింద లెక్కిస్తే సాధారణ వృత్తుల ఎక్కువ పరిమితి వర్తించవచ్చు. అందుచేత ఎస్‌డీకే (ఇతర డెవలపర్లు వాడుకునే కోడ్ కిట్) రాయడం, నమూనా కోడ్ నిర్వహించడం వంటి పనులు ఒప్పందంలో స్పష్టంగా ఉండేలా చూసుకో చెల్లీ.

స్టుట్‌గార్ట్, ఇరవై ఏళ్లుగా

నియమాలు అందరూ చెప్పారు, పాఠం ఎలా చెప్పాలో ఎవరూ చెప్పలేదు. నేను ఇక్కడికి రాకముందు అమీర్‌పేటలో ఆరేళ్లు జావా చెప్పాను. ఒక్కో బ్యాచికి రెండు వందల మంది, గోడకు ఆనుకుని నిలబడి రాసుకునేవారు. ఇంజనీరింగు డిగ్రీ ఉండి కూడా ఉద్యోగం లేని పల్లె పిల్లలకు మొదటి జీతం తెచ్చిపెట్టింది ఆ గదులే. కనుక అమ్మాయీ, ముందు బలమైన నోట్సు తయారు చేసుకో. నోట్సు ఉంటే విద్యార్థి ఇంటికి వెళ్లి కూడా చదువుకుంటాడు.

హాంబర్గ్

మాస్టారూ, మీ బ్యాచిలో కాకపోయినా నేనూ మైత్రీవనం మెట్లు ఎక్కి నేర్చుకున్నదాన్నే, ఆ రుణం మరువలేను. కానీ నోట్సు రాయించడం వల్ల మాకు ఇంటర్వ్యూ ప్రశ్నలకు జవాబులు వచ్చాయే తప్ప, ప్రోగ్రాం ఆగిపోతే ఏం చేయాలో రాలేదు. పరిశోధకులకు కోడింగ్ నేర్పడానికి 1998లో మొదలైన సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీవారి తరగతుల్లో బోధకుడు విద్యార్థుల ఎదుటే ఒక్కో వరుస టైపు చేస్తాడు, తప్పు వస్తే అక్కడే ఆగి దాన్ని ఎలా వెతుకుతున్నాడో పైకి చెబుతాడు. విద్యార్థుల దగ్గర రెండు రంగుల చీటీలుంటాయి. పని పూర్తయితే ఒకటి, సహాయం కావాలంటే మరొకటి ల్యాప్‌టాప్‌కు అంటిస్తారు. చెయ్యెత్తడానికి సిగ్గుపడేవారికి ఆ చీటీ ఎంత ఊరటో నేను కళ్లారా చూశాను.

స్టుట్‌గార్ట్

రెండు వందల మందికి చీటీలు పంచి, ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లడానికి ఎంతమంది సహాయకులు కావాలో ఆలోచించమ్మా. మా ఫీజుతో అది సాధ్యమయ్యేది కాదు. అయితే తప్పును దాచకుండా చూపించాలన్న మాట ఒప్పుకుంటాను. మా గదిలో కరెంటు పోయి, బోర్డు మీదే ప్రోగ్రాంను ఒక్కో వరుసా నడిపించి చూపించిన రోజున పిల్లలు అడిగినన్ని ప్రశ్నలు మరే రోజూ అడగలేదు.

కొలోన్, తొమ్మిదేళ్లుగా

ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకుని కోర్సు అమ్ముదామనుకునేవారు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. దూరవిద్యా రక్షణ చట్టం కింద, విద్యార్థి నేర్చుకున్నదాన్ని పరీక్షించే దూరవిద్యా కోర్సుకు మా ఊరిలోని జెడ్‌ఎఫ్‌యూ అనే దూరవిద్యా నియంత్రణ సంస్థ అనుమతి కావాలి. అది లేకపోతే ఒప్పందమే చెల్లదు, 2025 జూన్‌లో సుప్రీంకోర్టు స్థాయి న్యాయస్థానం కూడా ఒక కోచింగ్ ఒప్పందం విషయంలో ఇదే తీర్పు ఇచ్చింది.

డబ్బు లేకుండా బోధన అలవాటు చేసుకోవడానికి బెర్లిన్ కంటే మంచి ఊరు దొరకదు చెల్లీ. మహిళలకు ఒక్క రోజులో మొదటి వెబ్‌సైటు కట్టడం నేర్పే జాంగో గర్ల్స్ 2014లో అక్కడే యూరోపైథాన్ సమావేశంలో పుట్టింది. శరణార్థులకు కోడింగ్ నేర్పే రెడి స్కూల్ కూడా అక్కడే ఉంది. కొంత జర్మన్ నేర్చుకుని వెళితే విద్యార్థి తడబాటు ఎక్కడుందో ఇంకా త్వరగా తెలుస్తుంది.

బెర్లిన్

అందరికీ కృతజ్ఞతలు. మ్యూనిక్ అన్నయ్యగారు చెప్పినట్టు జుసాట్స్‌బ్లాట్ తీసి చూశాను, ఆ వాక్యం ఉంది. శిక్షణ సంస్థకు అనుమతి వచ్చేవరకు రాలేనని ఈ ఉదయం రాశాను, దరఖాస్తుకు వారి ఒప్పందం ముసాయిదా కూడా అడిగాను. సోమవారం మా బృందంలో కేరళ నుంచి ఒక అబ్బాయి చేరుతున్నాడు. పక్కన కూర్చోవచ్చా అని అడిగితే ఒప్పుకున్నాడు. కొత్త నోటుపుస్తకం కొన్నాను. మాస్టారూ, ఆ రోజు బోర్డు మీద మీరు నడిపించిన ప్రోగ్రాం ఏదో గుర్తుంటే దయచేసి రాయండి.

స్టుట్‌గార్ట్

ఒక సంఖ్యల వరుసలో పెద్దదాన్ని వెతికేది, తల్లీ. మొదటి విలువను సున్నా అని పెట్టి, వరుసలో అన్నీ రుణ సంఖ్యలే ఇచ్చాను. జవాబుగా వరుసలోనే లేని సున్నా వచ్చింది.