ఇసుమా, ఇసుకా?

గుణదల మొక్కలావిడ: మిత్రులకు నమస్కారం. ఎచెవేరియాలకు (దళసరి ఆకుల కుండీ మొక్కలు) మట్టి కలుపుకుంటుంటే, భర్తృహరి సుభాషితాలకు ఏనుగు లక్ష్మణకవి చేసిన తెలుగులోని ఒక పద్యపాదం నన్ను వదలడం లేదు. "తివిరి ఇసుకలో తైలంబు తీయవచ్చు" అనే కదా? నర్సరీ తాతేమో "ఇసుము వద్దమ్మా, ఇసుక పొయ్యి" అన్నాడు. రెండూ ఒకటి కాదా అంటే నవ్వి ఊరుకున్నాడు. కవి పిండమన్నది సన్నదాన్నా, ముతకదాన్నా?

ఛందోపిపాసి: అమ్మా, "ఇసుకలో" అంటే గణం చెడదు కానీ పాఠం అది కాదు. తేటగీతిలో సూర్యగణం వెంట ఇంద్రగణం రావాలి. "యిసుకలో" నగం (మూడు లఘువులు, ఒక గురువు), అదీ ఇంద్రగణమే. కవి పాఠం మాత్రం "తివిరి యిసుమున తైలంబు దీయవచ్చు". "యిసుమున" నలం (నాలుగు లఘువులు), "తైలంబు" తగణం, తి-దీ యతి. ఇంకేం చర్చ?

బ్రాడీపేట వాసి: "యిసుకను" అన్నా నలమే కదా మాస్టారూ. గణం పేరు చెప్పి ఇసుముని గెలిపించలేరు.

ఛందోపిపాసి: గణం కుదిరింది సరే, విభక్తి? ఇసుకను తైలం తీయడమేమిటి?

బ్రాడీపేట వాసి: పాత కవులు "ను"ని అధికరణార్థంలో, అంటే "లో" అనే అర్థంలో, వాడలేదంటారా?

ఛందోపిపాసి: లక్ష్మణకవిలోంచే ఒక్కటి చూపండి, ఒప్పుకుంటాను.

రేపల్లె రైతుబిడ్డ: ఎందుకొచ్చిన గొడవ, "ఇసుమంత" అన్న మాటలోనే జవాబుంది. ఇసుమంత అంటే రవ్వంత. "ఇసుకంత" అని ఎవరూ అనరు. కాబట్టి ఇసుము సన్నది, ఇసుక ముతకది. తాత చెప్పిందీ అదే.

బ్రాడీపేట వాసి: మరి "ఇసుకేస్తే రాలని జనం" సంగతి? ముతక ఇసుకైతే రాలకపోవడంలో గొప్పేముంది? అక్కడ సన్నదైతేనే అతిశయోక్తి.

లాం దారి: పద్యం సంగతి నాకు తెలియదు, మట్టి సంగతి చెబుతాను. సన్న ఇసుక మట్టి రేణువుల సందుల్లో కూరుకుపోయి గాలిని తరిమేస్తుంది. కుండీలో నీరు నిలిచి వేరు కుళ్ళుతుంది. మన గుంటూరు నల్లరేగడైతే తడికి ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. అందులో సన్న ఇసుక పోస్తే ఇటుకే. ఒక వంతు ఎర్రమట్టి, ఒక వంతు మాగిన ఆకు ఎరువు, రెండు వంతులు జల్లెడ పైన మిగిలిన గరుకు ఇసుక. ఇటుక ముక్కలైనా పర్లేదు, దొరికితే పెర్లైట్ (తేలికైన తెల్లని గుల్లరాయి). సూర్యలంక సముద్రపు ఇసుక మాత్రం తేవద్దు, ఉప్పు. కుండీ అడుగున చిల్లు ఉందో లేదో చూసుకోండమ్మా.

రేపల్లె రైతుబిడ్డ: చూశారా, శాస్త్రం కూడా నా వైపే.

నల్లేరు: ఇసుము పక్కన పెట్టండి, మూలం చూడండి. భర్తృహరి "లభేత సికతాసు తైలమపి యత్నతః పీడయన్" అన్నాడు. సికత (ఇసుక) సన్నదే అని నా అనుమానం. ఆయుర్వేదంలో సికతామేహం అన్నప్పుడు మూత్రంలో పడేది సన్న ఇసుక రేణువుల్లాంటిదే కదా. అయితే నా గోల వేరు. "పీడయన్" (పిండుతూ) తెలుగులో ఏమైంది? గానుగ ఆడించకుండా నూనె ఎలా వస్తుంది? నా లెక్కలో "తివిరి" అంటే పిండి, లాగి అని. తివియు ధాతువు.

ఛందోపిపాసి: తివియు అయితే "తివిసి" కావాలి. తివుచు అయితే "తివిచి". మీ "రి" ఎక్కడిది? అది తివురు, అంటే యత్నించు. మూలంలోని "యత్నతః"కి తెలుగు. పీడయన్‌ని కవి వదిలేశాడు.

నల్లేరు: వదిలేశాడంటే లోపమేగా?

ఛందోపిపాసి: లోపం కాదండీ, లాఘవం! పృథ్వీవృత్తంలో పాదానికి పదిహేడక్షరాలు, దాన్ని తేటగీతిలోకి దించాలి. పాదానికొక్క క్త్వార్థం ("చేసి" లాంటి అసమాపక క్రియ) చొప్పున ఎత్తుకున్నాడు: తివిరి, తవిలి, తిరిగి. మూలం మూడో పాదంలోని "పర్యటన్"కి "తిరిగి" కన్నా సూటి మాట ఉందా? ఎలకూచి బాలసరస్వతి వారి అనువాదంలో "సురభిమల్లా! నీతివాచస్పతీ!" మకుటానికే నాలుగో పాదంలో చోటు పోతుంది. ఇక్కడ ఆ బరువు లేదు.

బ్రాడీపేట వాసి: బాలసరస్వతిని తక్కువ చేయకండి. ఆ మకుటం లేకపోతే నీతి పద్యాలకు ఆ ఠీవి ఎక్కడిది?

పుష్పగిరి అభిమాని: భర్తృహరిని తెలిగించిన పుష్పగిరి తిమ్మనను ఎవరూ తలుచుకోరేం? ఎప్పుడూ ఇంతే.

గుణదల మొక్కలావిడ: లాం దారి గారూ, ఆకు ఎరువు బదులు కొబ్బరి పొట్టు వాడొచ్చా?

నల్లేరు: ఛందోపిపాసి గారూ, మీ క్త్వార్థాల లెక్క రెండో పాదంలో కుంటుతోంది. అక్కడ మూలం "పిపాసార్దితః". దప్పికతో అల్లాడేవాడు. తెలుగులో "దవిలి మృగతృష్ణలో నీరు త్రావవచ్చు". "దవిలి" (తవిలి) అంటే పూని, తగులుకుని. దప్పిక ఎక్కడ?

ఛందోపిపాసి: రాత్రికి వివరంగా రాస్తాను.