నెట్‌వర్క్ జాప్యానికి కారణాన్ని కొలిచి తేల్చడం ఎలా?

ప్రశ్న:
సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉన్న మా సర్వర్‌కు పింగ్ చేస్తే (చిన్న డేటా ప్యాకెట్ పంపి జవాబుకు పట్టే సమయం కొలిస్తే) ఒక్కోసారి 22 మిల్లీసెకన్లకే జవాబు వస్తోంది, ఒక్కోసారి 180 పడుతోంది. దారిలోని రౌటర్లను వరుసగా, ఒక్కోదాని జవాబు సమయంతో చూపే ట్రేస్‌రూట్‌లో నాలుగో రౌటర్ దగ్గర 90 కనిపిస్తోంది. ఆ తరువాతివన్నీ 25 లోపే ఉన్నాయి. లోపం ఆ రౌటర్‌దేనని సర్వీస్ ప్రొవైడర్‌కు ఫిర్యాదు చేయవచ్చా?

జవాబు 1:
చేయకండి. తమ గుండా సాగిపోయే ప్యాకెట్లను పెద్ద రౌటర్లు హార్డ్‌వేర్‌లోనే ముందుకు పంపేస్తాయి గాని, ట్రేస్‌రూట్‌కు జవాబివ్వడం వాటి ప్రాసెసర్ తీరిక దొరికినప్పుడు చేసే పని. నిజంగా అక్కడే 90 మిల్లీసెకన్లు పడుతూ ఉంటే, ఐదో రౌటర్‌కు వెళ్లే ప్యాకెట్‌కూ ఆ ఆలస్యం తప్పదు కదా.

జవాబు 2:
కొన్ని వందల పింగ్‌లు పంపి, సగటును కాక కనిష్ఠాన్ని చూడండి. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది గనుక మీ దూరానికి రానుపోను 12 మిల్లీసెకన్లు తప్పవు. కేబుల్ ఎప్పుడూ సూటిగా పోదు గనుక 22 సహజమే. ప్యాకెట్‌ను లింకు మీదికి ఎక్కించే సమయం కూడా ఉంటుంది గాని, 1,500 బైట్ల ప్యాకెట్‌కు 10 మెగాబిట్ల లింకులోనే అది 1.2 మిల్లీసెకన్లు. కాబట్టి మిగిలిన 158లో అధికభాగం ఎక్కడో క్యూలో వేచి ఉన్న సమయమై ఉండాలి. వైఫై అనుమానం తీరడానికి ఒకసారి కేబుల్‌తో కొలిచి, పింగ్ నడుస్తుండగానే పెద్ద ఫైలు ఒకటి అప్‌లోడ్ చేసి చూడండి.

ప్రశ్న అడిగినవారు:
కేబుల్‌తోనే చేశాను. అప్‌లోడ్ మొదలైన కొద్ది క్షణాలకే 180కి చేరింది, ఆపగానే 22కు దిగింది. డౌన్‌లోడ్‌కు పెద్ద మార్పు లేదు.

జవాబు 2:
అయితే క్యూ మీ ఇంటి నుంచి బయటికి వెళ్లే లింకులోనే ఉంది. ప్యాకెట్లను వదిలేయకుండా అతిగా దాచుకునే ఇలాంటి బఫర్ల (తాత్కాలిక నిల్వల) సమస్యకు ప్రోగ్రామర్ జిమ్ గెటిస్ 2010లో ‘బఫర్‌బ్లోట్’ అని పేరు పెట్టారు. మీ రౌటర్‌లో క్యూ అతిగా పెరగకుండా చూసే ఎఫ్‌క్యూ-కోడెల్ సదుపాయం ఉంటే దానిని ఆన్ చేసి, అప్‌లోడ్ పరిమితిని అసలు వేగం కంటే కొద్దిగా తక్కువకు పెట్టండి. అప్పుడు క్యూ మోడెమ్‌లో కాక, మీరు అదుపు చేయగల చోట ఏర్పడుతుంది. తరువాత అదే పరీక్షను మళ్లీ చేసి, అప్‌లోడ్ సమయంలో వచ్చిన అంకెను 22తో పోల్చండి.